మంచు తోసే బ్లేడు

ఈ మధ్య మా శాఖలో కొత్తగా చేరిన ఒకమ్మాయి ఫోను చేసింది. నా నంబరు ఎవరో ఇచ్చారట. "సార్, మాకు చిన్న లోడరు ఒకటి శాంక్షనయింది. దాని ముందు ఏ అటాచ్‌మెంటు తగిలిస్తే మంచిది? మీరు చాలాకాలం మిషన్ల మీదే చేశారట కదా" అని అడిగింది. ప్రశ్న చిన్నదే. బకెట్ తీసుకోమ్మా అని చెప్పి పెట్టేస్తే సరిపోయేది. నాకు నోరు రాలేదు. రేపు చెప్తానమ్మా అన్నాను. ఆ రేపు ఇంకా రాలేదు. ఆ అమ్మాయికీ, ఆమె ఈడు వాళ్ళకీ చెప్పాల్సింది ఒక ముక్కలో తేలేది కాదు కాబట్టి కూర్చుని రాస్తున్నాను. ఓపిక ఉంటే చదవండి, లేకపోతే బకెట్ తీసుకోండి.

నేను రోడ్ల శాఖలో మెకానికల్ ఫోర్‌మన్‌గా రిటైరయ్యాను. మాది సాలూరు పక్క పల్లె. లారీల మధ్య పెరిగినవాణ్ణి. ఏ బండి ఎక్కడ మూలుగుతోందో చెవితోనే చెప్పగలనని కాస్త పొగరు కూడా ఉండేది. ఉద్యోగంలో చివరి ఏళ్ళు ఏజెన్సీకి వేశారు. పాడేరులో షెడ్డు, షెడ్డు వెనకే నా గది. ఏజెన్సీకి వేశారంటే మా చుట్టాలు పరామర్శకి వచ్చినట్టు వచ్చి కూర్చుని, కాఫీ తాగి, నిట్టూర్చి వెళ్ళారు. నాకు మాత్రం ఆ కొండలు నచ్చాయి. చలికాలం పొద్దున్నే మంచు దిగితే షెడ్డు ముందున్న రోడ్డు రోలరు కూడా కనపడేది కాదు. నచ్చనిదల్లా వాన.

వాన ముదిరితే ఘాట్ రోడ్డు మీదికి కొండ జారుతుంది. చెట్లూ రాళ్ళూ ఎర్రమట్టీ కలిసి రోడ్డుకి అడ్డంగా పడతాయి. ఇక అవతలి ఊళ్ళకి బస్సు లేదు, జీపు లేదు, సంత లేదు, అంబులెన్సు లేదు. మా దగ్గరున్నది పెద్ద పొక్లెయినరు. గూడెం కొత్తవీధి దాటాక లోపలి రోడ్లలో అది ఒక్కో మలుపు తిరగడానికి నానా తంటాలు పడేది. తా దూర కంత లేదు మెడకో డోలు అన్నట్టు దాని వెనక ఒక టిప్పరు. మిషను మట్టి తవ్వి టిప్పర్లో పోయాలి. టిప్పరు ఆ ఇరుకు రోడ్డులో వెనక్కి వెనక్కి పోయి, ఎక్కడో ఖాళీ జాగాలో ఒంపి రావాలి. అంతవరకూ మిషను ఊరికే నిలబడాలి.

అందుకే ఒక చిన్న లోడరు కావాలని అడగ్గా అడగ్గా, చివరికి ఇస్తామన్నారు. నిలబడ్డ చోటే బొంగరంలా తిరిగే బండి అది. దాని ముందు భాగాన్ని ఊడదీసి ఏది కావాలంటే అది తగిలించుకోవచ్చు. ఆ తగిలించేదాన్ని మా షెడ్డులో మూతి అనేవాళ్ళం. తవ్వి ఎత్తడానికి బకెట్ మూతి, పక్కకి తోయడానికి బ్లేడు మూతి, దుంగలూ బండలూ పట్టడానికి పంజా మూతి. మాకు బండితో పాటు ఒక్క మూతే ఇస్తామన్నారు. ఏది కావాలో మీరే తేల్చుకోండి అన్నారు. పైవాళ్ళు కిందవాళ్ళని ఏదైనా తేల్చుకోమన్నారంటే జాగ్రత్తగా ఉండాలని అన్నేళ్ళ సర్వీసులో నేను నేర్చుకుని ఉండాల్సింది.

తేల్చాల్సింది ముగ్గురం. మొదటావిడ మా ఏఈ మేడం, అసిస్టెంట్ ఇంజనీరు. కాకినాడ వైపు అమ్మాయి, ఉద్యోగంలో చేరి ఎంతో కాలం కాలేదు. రూలు తెలిసిన మనిషి, దాన్ని పాటించాలనుకునే మనిషి కూడా. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండటం మా శాఖలో అరుదు. ఆవిడ మొదట్నుంచీ బకెట్ అనే అంది. "ఘాట్ రోడ్డు మట్టిని లోయవైపు తోయకూడదు ఫోర్‌మన్ గారూ. ఎత్తి తీసుకెళ్ళి, చూపించిన జాగాలోనే పోయాలి" అంది. ఆ రూలు నాకూ తెలుసు. జోరు వానలో దాన్ని ఎవరూ పాటించరనీ తెలుసు.

రెండోవాణ్ణి నేను. నాకు ఏ మూతి అయినా ఫరవాలేదు, దాని హైడ్రాలిక్ గొట్టాలు మన్నికగా ఉంటే చాలు.

మూడోవాడు మా ఆపరేటరు. గూడెం కొత్తవీధి పైన కొండ ఊరివాడు. ఆ ఊళ్ళో మొదట స్టీరింగు పట్టినవాడూ అతనే, మొదట గవర్నమెంటు జీతం తిన్నవాడూ అతనే. పని లేనప్పుడు కూడా మిషను పక్కనే కూర్చుని గ్రీజు పెట్టుకుంటూ ఉండేవాడు. మాట తక్కువ. టీ తాగేటప్పుడు మాత్రం నన్ను పట్టుకుని ఏడిపించేవాడు.

"ఏటి బాబూ, మీ సాలూరోళ్ళకి పెళ్ళిసూపుల్లో గుంటని సూపిత్తారా, లారీని సూపిత్తారా?"

"లారీనే సూపిత్తార్రా. లారీ బాగుంటే పిల్లని అడగం" అనేవాణ్ణి.

విశాఖపట్నం నుంచి డీలరు తరఫున సేల్స్ మనిషి వచ్చాడు. ఇస్త్రీ మడత చెదరని చొక్కా, చేతిలో పెద్ద సెల్లు. ఏదో చలిదేశంలో తీసిన వీడియో చూపించాడు. రోడ్డు మీద నడుం లోతు మంచు. అచ్చం మాకు రాబోయే బండిలాంటిదే, ముందు ఏటవాలు బ్లేడు తగిలించుకుని, మంచుని కోసుకుంటూ పక్కకి విసిరేసుకుంటూ పోతోంది. దాని వెనకే ఒక బస్సు హాయిగా వస్తోంది.

"ఇది మంచు తోసే బ్లేడు సార్. మన దగ్గర మట్టికి కూడా బ్రహ్మాండంగా పనిచేస్తుంది" అన్నాడు.

"మా దగ్గరా మంచు పడుతుంది నాయనా. కానీ ఎండెక్కితే అదే పోతుంది, తోయాల్సిన పని లేదు" అన్నాను. అందరూ నవ్వారు. ఆపరేటరు నవ్వలేదు. ఆ సెల్లు చేతిలోకి తీసుకుని వీడియో మళ్ళీ చూశాడు, ఇంకోసారి చూశాడు.

సేల్స్ మనిషి వెళ్ళాక ఏఈ మేడం, "ఏమయ్యా, నడిపేది నువ్వు, నీకేది కావాలి?" అని అడిగింది.

అతను షెడ్డులోని పెద్ద మిషనుకేసి చూసి చెప్పడం మొదలుపెట్టాడు. వాళ్ళక్క పోయిన సంగతి మాకు తెలిసిందే, అతని నోట వినడం మాత్రం అదే మొదలు.

"మా అప్పని పాము కరిసినప్పుడు జీపు అవతల ఉండిపోనాది మేడం. నాను ఇవతల మిషను మీదున్నాను. టిప్పరు నింపీసినాను. అది ఎలిపోయి మళ్ళీ వచ్చేదాకా ఏటి సెయ్యను? కూకున్నాను. సేతిలో మిషనుంది, ముందల మన్నుంది, అవతల మా అప్ప ఉంది. నాను టిప్పరు కోసం కూకున్నాను. దారి తెరిసేసరికి మా అప్ప ఎలిపోనాది. ఈ బ్లేడయితే కూకోనక్కర్లేదు మేడం."

మేడం పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీసింది. "సరే, బ్లేడే రాద్దాం. కానీ కింద ఇళ్ళూ పొలాలూ ఉన్నచోట తోయకూడదు. మాటివ్వు" అంది.

"నాకు తెల్దేటి మేడం. నా కొండే కదా" అన్నాడు.

నేనూ తలూపాను. ఆ రోజు మేం తీసుకున్న నిర్ణయం తప్పని ఇప్పటికీ గట్టిగా అనలేను. అనగలిగితే నాకు కొంచెం తేలికగా ఉండేది.

బండి వచ్చింది చైత్రమాసంలో. అక్కడ అది ఇటుకల పండగ కాలం. మగవాళ్ళు అడవికి వేటకి పోతే ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా కర్ర పెట్టి, వచ్చే పోయే బండినల్లా ఆపి, పాట పాడి, ఏదైనా ఇస్తేగాని వదలరు. మా లోడరుని ఆపరేటరు వాళ్ళ ఊరి పొలిమేరలోనే ఆపేశారు. వాళ్ళలో అతని భార్య కూడా ఉంది. మొగుణ్ణి ఎరగనట్టే మొహం పెట్టి, "ఎవుల బండి ఇది? ఏటి సేత్తాది?" అని అడిగింది. "దారి తీత్తాది" అన్నాడతను. "అయితే ముందు మా దారి సుంకం తియ్యి" అంది. అందరూ విరగబడి నవ్వారు. జేబులు దులిపించుకునే వదిలారు.

ఆ రోజే అతను నన్ను తమ ఊట దగ్గరికి తీసుకెళ్ళాడు. రోడ్డుకి బాగా దిగువన, సిల్వర్ ఓక్ చెట్ల కింద కాఫీ మొక్కల మధ్యలో ఒక బండ చీలి ఉంది. ఆ చీలికలోంచి ఏడాది పొడుగునా నీళ్ళు వస్తాయి. వెదురు దోనె పెట్టి ఆ నీళ్ళని కిందికి మళ్ళించారు. ఊరంతటికీ తాగే నీళ్ళు అవే. కాస్త ఇవతలే ఆగి చెప్పులు విడవమన్నాడు. తరవాత నా జేబులో ఉన్న స్పానరు, తాళాల గుత్తి కూడా అక్కడే పెట్టేయమన్నాడు.

"ఎందుకురా?"

"ఊట తల దగ్గరికి ఇనుం రాకూడదు బాబూ. ఇనుం తగిలితే ఊట ఎలిపోద్ది. మా తాతలు సెప్పినారు." అతను మొలలోని చాకు కూడా తీసి, నా స్పానరు పక్కన పెట్టాడు. ఇనుప మిషను మీద బతికే ఇద్దరం అలా ఖాళీ చేతుల్తో వెళ్ళి ఆ నీళ్ళు తాగొచ్చాం.

ఆ ఏడు వానలు ముందే దిగాయి. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్నారు, పట్టింది విడవలేదు. ఒక పొద్దున్న ఫోను వచ్చింది. ఆపరేటరు వాళ్ళ ఊరి దగ్గర కొండ జారింది. ఆ పైఊళ్ళో ఒకామెకి నొప్పులు మొదలయ్యాయి, బిడ్డ అడ్డం తిరిగిందట. అంబులెన్సు జారిన మట్టికి ఇవతలే ఆగిపోయింది. లోడరుని లారీ ఎక్కించుకుని బయల్దేరాం. మేడం జీపులో ముందు కూర్చుంది. ఆపరేటరు లారీలో డ్రైవరు పక్కన కూర్చోలేదు. వానలో వెనక లోడరు మీదే కూర్చున్నాడు.

వెళ్ళి చూస్తే, జారింది సరిగ్గా ఊటకి పైనున్న మలుపులో. ఊరి పెద్ద, ముసలాయన, గొంగళి కప్పుకుని అక్కడే నిలబడి ఉన్నాడు. అంబులెన్సు డ్రైవరు తొందర పడుతున్నాడు. ఇక్కడే లోయలోకి తోసేస్తే క్షణాల్లో పని అయిపోతుంది. ఆపరేటరు బండి దిగి, అంచుదాకా వెళ్ళి కిందికి చూసి వచ్చాడు.

"ఈడ తొయ్యకూడదు మావా. కింద ఊటుంది" అన్నాడు పెద్దాయనతో. "ఈ మన్నుని ఇలాగే రోడ్డెంట పై మలుపుదాకా తోసుకుపోయి, అక్కడ ఒగ్గేత్తాను. అక్కడ కింద ఉత్త రాయే కదా."

పెద్దాయన ఆ వైపు చూసి ఆలోచించాడు. "ఉత్త రాయే. కానీరా అల్లుడూ. బేగి కానీ. ఆ గుంట అల్లాడిపోతన్నాది."

అలాగే చేశాడు. అంచున వదిలేస్తే సరిపోయేదాన్ని, ఆ బురదంతటినీ రోడ్డు వెంట తోసుకుంటూ ఎక్కాడు. ఒకసారి, రెండోసారి, మళ్ళీ మళ్ళీ. బురదలో చక్రాలు జారుతూనే ఉన్నాయి. బ్లేడు తోసే వేగం చూస్తే మాత్రం ఆ సేల్స్ మనిషి చెప్పింది అబద్ధం కాదు. మేము తెచ్చుకున్న ఫ్లాస్కులో టీ చల్లారకముందే అంబులెన్సు పట్టేంత దారి పడింది. అది పైకి పోయి, ఆమెని ఎక్కించుకుని మా పక్కనుంచే దిగిపోయింది. ఆ సాయంత్రం పాడేరు ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం.

మర్నాడు మేడం షెడ్డులో అందరికీ మిఠాయి పంచింది. ఆపరేటరు లడ్డూ చేతిలో పట్టుకుని, "మా అప్ప ఉంటే సూసి సంబరపడేది" అన్నాడు. నా సర్వీసులో అంత సంతోషంగా ఉన్న రోజు ఇంకోటి లేదు. నిజంగా పనికొచ్చే పని చేశామనిపించింది.

వాన మాత్రం ఆగలేదు. తరవాత ఒక పొద్దున్న ఆపరేటరు భార్య జీపు దిగి షెడ్డులోకి వచ్చింది. చంకలో ఖాళీ బిందె ఉంది. పాడేరు దాకా బిందె ఎందుకు తెచ్చిందో నాకు అర్థం కాలేదు. నీళ్ళకని బయల్దేరి, ఊట దగ్గర చూసింది చూసి, అలాగే రోడ్డెక్కి జీపు పట్టుకుని వచ్చేసిందట.

"ఊట కనపడ్డం లేదు" అంది మొగుడితో. "మన్ను. అంతా మన్నే."

అతను గ్రీజు గన్ను కింద పెట్టి, చేతులు కూడా తుడుచుకోకుండా ఆమె వెంట వెళ్ళిపోయాడు.

పై మలుపులో వదిలిన బురద ఆ రాతి మీదే ఉండిపోతుందనుకున్నాం. రాతి వెనక ఒక సన్నటి వాగు దారి ఉంది. ఎండల్లో ఎండిపోయి, తుప్పల్లో కప్పబడిపోయి ఉంటుంది. అది అడ్డంగా తిరిగి ఎక్కడ తేలుతుందో ఆ ఊరివాళ్ళకే తెలియదు. నానిన మట్టి అందులో పడి, నడిచి నడిచి, కాఫీ మొక్కల్ని పడుకోబెట్టి, సరిగ్గా ఊట మీదికొచ్చి కూర్చుంది. ఆ వీడియో చూసినప్పుడు మా ముగ్గురిలో ఎవరికీ తట్టని సంగతి ఇది. మంచుని పక్కకి తోస్తే ఎండకి కరిగిపోతుంది. దాన్ని తోసినవాడు ఇంటికెళ్ళి పడుకోవచ్చు. మట్టి కరగదు, ఎక్కడ వదిలినా దాని ప్రయాణం దానికి ఉంటుంది. మంచు కోసం పుట్టిన పనిముట్టుని మట్టి మీదికి తెచ్చుకున్నప్పుడు ఆ ఒక్క ప్రశ్నా అడగాల్సింది: పక్కకి తోసింది ఆ తరవాత ఎక్కడికి పోతుంది? మీరు ఏ మూతి తీసుకున్నా ఇది అడిగి తీసుకోండి.

మేడం పక్క సబ్ డివిజన్ వాళ్ళని బతిమాలి ఒక బకెట్ అరువు తెచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, అయినా పట్టుకున్నాం. లోడరుకి బ్లేడు ఊడదీసి బకెట్ తగిలించి, కాఫీ తోట పక్కనుంచి దారి చేసుకుంటూ ఊట దాకా దింపుదామని వెళ్ళాం. ఊరంతా అక్కడే ఉంది. ఆపరేటరు మోకాళ్ళ దాకా బురదలో నిలబడి చేతుల్తో తోడుతున్నాడు. పెద్దాయన మాకు ఎదురొచ్చి రోడ్డు మీదే ఆపేశాడు.

"ఇనుం దింపకండి మేడం."

"ఈ బకెట్‌తో సాయంత్రానికల్లా తీసేస్తాం తాతా. చేతుల్తో ఎన్నాళ్ళు తీస్తారు?" అంది మేడం.

"ఎన్నాళ్ళయితే అన్నాళ్ళు."

"మట్టిని తోసింది కూడా ఇనుమే కదా?"

"ఇనుం మన్నుని తోసినాది, ఊటని తాకనేదు. అందుకనే అది ఇంకా లోపల బతికుంటాదని మాకు ఆశ. ఇప్పుడు మీ మిషను పళ్ళు దాని తలకి తగిలితే ఆ ఆశ కూడా ఉండదు."

మేడం నావైపు చూసింది. ఆపరేటరుని పిలిచాను. అతనైనా చెప్తాడనుకున్నాను. అతను బురదలోంచే, "మావ సెప్పిందే బాబూ. బండి ఎనక్కి తీసుకెళ్ళిపోండి" అన్నాడు.

మేడం చెప్పులు విడిచి, చేతి గడియారమూ చెవుల కమ్మలూ తీసి నా చేతిలో పెట్టి, తనూ దిగింది. కమ్మలు బంగారానివి, తీయక్కర్లేదని ఎవరో అన్నా వినలేదు. వెదురు గంపలు, చెక్క పారలు, చేతులు. వచ్చినవాళ్ళలో పైఊరి ఆమె కూడా ఉంది. పచ్చి బాలింతరాలు. పిల్లని గుడ్డలో వీపుకి కట్టుకుని గంప అందుకోబోయింది. ఆడవాళ్ళు పడనివ్వలేదు, గట్టు మీద కూర్చోబెట్టారు. ఆపరేటరు ఒకసారి గట్టెక్కి వచ్చి, ఆ పిల్ల మొహం మీది గుడ్డ తొలగించి చూసి, మళ్ళీ కప్పి దిగిపోయాడు. నేను ఆ పక్కనే గంప మోశాను.

తీసేకొద్దీ పైనుంచి మళ్ళీ జారేది. వానలు వెనకబట్టేదాకా తీశారు. చివరికి బండ బయటపడింది, చీలికా బయటపడింది. చీలికలో తడి ఉంది, నీళ్ళు లేవు. కొన్నాళ్ళకి ఎక్కడో దిగువన పారే గెడ్డ ఒడ్డున, కొత్తగా చెమ్మ ఊరుతోందని గొర్రెలు కాసేవాళ్ళు చెప్పారు. లోపల దారి మూసుకుపోతే నీరు ఇంకో దారి చూసుకుంది. వాళ్ళ ఊరికి మాత్రం రాలేదు. ఆడవాళ్ళు బిందెలతో గెడ్డ దాకా దిగి ఎక్కడం మొదలుపెట్టారు.

ఊరంతా పంచాయితీకి కూర్చుంది. ఆపరేటరు నిలబడ్డాడు. కోపంగా ఎవరూ మాట్లాడలేదట. పెద్దాయనే మెల్లగా, బిడ్డని బతికించినందుకు ముందు దండం పెట్టి, తరవాత ఆచారం చెప్పాడట. ఊటని మూసిన చెయ్యి ఊరి నీళ్ళు ముట్టకూడదు, ఊట తిరిగొచ్చేదాకా. ఎవరింట్లోనూ నీళ్ళు తాగకూడదు, తనింట్లో కూడా. తన నీళ్ళు తనే గెడ్డలోంచి తెచ్చుకోవాలి.

అతను షెడ్డుకి వచ్చి తాళం నా బల్ల మీద పెట్టాడు.

"మిషను ఒగ్గేత్తన్నాను బాబూ."

"తప్పు నీది కాదురా. ఆ వాగు దారి ఎవుడికి తెలుసు? మీ పెద్దాయన కూడా సరే అన్నాడు కదా."

"అన్నాడు."

"ఆ గుంట బతికింది కదా. నువ్వు తొయ్యకపోతే బతికేదేటి?"

"బతికేది కాదు. దానికి నాను ఏడవట్లేదు. మళ్ళీ అలాంటి పొద్దే వత్తే మళ్ళీ తోత్తాను." తాళాన్ని ఇంకాస్త నావైపు జరిపాడు. "అందుకనే ఒగ్గేత్తన్నాను."

ఇంకొంచెం గట్టిగా పట్టుకోవాల్సింది. సెలవు పెట్టమనాల్సింది. రాత్రికి నా గదిలో ఉంచుకోవాల్సింది. రేపు మాట్లాడదాం అన్నాను. రేపు అనడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. మర్నాడు అతను రాలేదు. మేడం రెండు మూడుసార్లు వాళ్ళింటికి వెళ్ళి వచ్చింది, ఆ తరవాత ఆవిడకి కోస్తా వైపు బదిలీ అయింది. వెళ్ళేముందు మాకు సొంత బకెట్ ఇప్పించి వెళ్ళింది. బ్లేడుని షెడ్డు గోడకి ఆనించాం. కొత్త ఆపరేటరు మంచివాడే, టీ వేళకి సెల్లు చూసుకునేవాడు. షెడ్డులో నన్ను ఏడిపించేవాళ్ళు లేకుండా పోయారు.

రిటైరయ్యాక, కాఫీ పళ్ళు కోసే కాలంలో ఒకసారి మా పాత ఆపరేటరు ఊరు వెళ్ళాను. రోడ్డు బాగుంది. ఊళ్ళో కొళాయిలు వచ్చాయి. కొండ మీద ఇంకో గెడ్డ నుంచి పైపు వేసి, ట్యాంకు కట్టారు. అతను వాకిట్లో కాఫీ పళ్ళు ఎండబోస్తున్నాడు. జుట్టు సగం నెరిసింది. నన్ను చూసి లేచాడు.

"రిటైరయిపోనారంట కదా బాబూ. ఇప్పుడు మీ కేకలు ఎవులు పడతన్నారు?"

"పడేవాళ్ళు దొరక్క నీ దగ్గరికే వచ్చాను రా."

గుమ్మంలో కూర్చోబెట్టి భార్యని కేకేశాడు. ఆమె పెద్ద కుండలోంచి చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది. నేను తాగుతుంటే అతనికీ దాహమేసినట్టుంది. లేచి, గోడ వారగా విడిగా పెట్టిన చిన్న కుండలోంచి ముంచుకుని తాగాడు. నేను చెంబు దించేశాను.

"అదేటి, ఆ కుండ వేరేనా?"

భార్య చెప్పింది. "గెడ్డ నీళ్ళు బాబూ. పొద్దుట లెగిసి దిగి తెచ్చుకుంటాడు. ఊరోళ్ళు ఆ కట్టుబాటు ఎప్పుడో ఒగ్గీసినారు. కొళాయి వచ్చిన్నాడే పెద్దాయన మా ఇంటికొచ్చి, ఇంక సాలురా అల్లుడూ అనీసి తన సేత్తో సెంబు నిండా ఇచ్చినాడు. ఈయన పుచ్చుకోనేదు. పెద్దాయన పోయేదాకా అడుగుతానే ఉన్నాడు."

"కొళాయి వచ్చినాది గానీ ఊట రానేదు కదా" అన్నాడతను. పక్కింటి సంగతి చెప్పినంత మామూలుగా అన్నాడు.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ వయసులో దాచుకునే ఓపిక కూడా లేదు. "తోసింది నువ్వే గాని, ఆ బ్లేడుని ఏరుకున్నది ముగ్గురం రా. నేనూ తలూపాను. నాకూ ఆ కుండలోవే పొయ్యి" అని చెంబు అతనివైపు చాపాను.

అతను నా చెంబుకేసి చూశాడు. తరవాత చిన్న కుండ మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఒద్దు బాబూ. ఇది నా వంతు" అన్నాడు మెల్లగా. చెంబు నా చేతిలోంచి తీసుకుని భార్యకిచ్చాడు. ఆమె పెద్ద కుండలోంచే మళ్ళీ నింపి తెచ్చింది. ఇద్దరూ నా ఎదురుగా నిలబడి ఉంటే, ఆ కొళాయి నీళ్ళు చివరిదాకా తాగి, ఖాళీ చెంబు ఆమె చేతికిచ్చాను.